రిజిస్టరు కెక్కిన పిల్లలు: విద్యార్థి హక్కుల చరిత్ర ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మన దగ్గర విద్యార్థుల పౌరహక్కుల చరిత్ర చెప్పేవాళ్ళు సాధారణంగా 1907 రాజమండ్రితో మొదలుపెడతారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. కాలేజీ కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకొచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కు కోపమొచ్చింది. ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుతో సహా కొందర్ని బయటికి పంపారు. తర్వాత 1938లో ఉస్మానియా హాస్టళ్ళలో అదే గీతం పాడారని విద్యార్థుల్ని వెళ్ళగొట్టారు. చాలామంది నాగపూర్ యూనివర్సిటీకి పోయి చదువు పూర్తిచేసుకున్నారు. ఈ రెండు ఘట్టాలూ చరిత్రలో ఉండాల్సినవే. వాటితో మాకు పేచీ లేదు. విద్యార్థి మీద రాజ్యం నిఘా ఇక్కడే మొదలైందని అనుకోవడంతోనే మా పేచీ.

రాజమండ్రి గొడవ జరిగిన కొద్దిరోజులకే, 1907 మే 6న, భారత ప్రభుత్వ హోం సెక్రటరీ హెర్బర్ట్ రిజ్లీ పేరున ఒక సర్క్యులర్ వచ్చింది. విద్యార్థులు రాజకీయ సభల్లో పాల్గొంటే ఆ విద్యాసంస్థకు గ్రాంటు, స్కాలర్‌షిప్పు సౌకర్యం, యూనివర్సిటీ గుర్తింపు పోతాయని దాని సారాంశం. అంటే విద్యార్థుల మీద కన్నేసే పని పోలీసుతోపాటు మేష్టరుకు కూడా అప్పజెప్పారు. ఇలాంటిదే 1905లో బెంగాల్లో కార్లైల్ సర్క్యులర్ వస్తే, కలకత్తా విద్యార్థులు ఏకంగా సర్క్యులర్ వ్యతిరేక సంఘమే పెట్టారు.

ఈ రిజ్లీ ఎవరో దళిత విద్యార్థులకు తెలియాలి. 1901 జనాభా లెక్కలు నడిపిన కమిషనరు ఈయనే. మనుషుల ముక్కుల పొడుగూ వెడల్పూ కొలిపించి, ముక్కు ఎంత చప్పిడిగా ఉంటే సమాజంలో స్థాయి అంత తక్కువని సిద్ధాంతం చేసినవాడు. కులాన్ని కొలిచిన చెయ్యే విద్యార్థికి హద్దులు గీసింది. ఇది కేవలం కాకతాళీయం అని మేం అనుకోం. పుట్టుకను బట్టి మనుషుల్ని పట్టీ వేసి, పట్టీని బట్టి కాపలా పెట్టడమనే పరిపాలనా పద్ధతి అప్పటికే ముప్పై ఆరేళ్ళుగా నడుస్తోంది. దాని పేరు నేరస్థ జాతుల చట్టం.

1871లో ఆ చట్టం ఉత్తరాది ప్రాంతాలకోసం వచ్చింది. 1911లో తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. దాని పనితీరు చాలా సులువు. ప్రభుత్వం ఒక కులాన్నో తెగనో నేరస్థ జాతి అని గెజిట్‌లో ప్రకటిస్తుంది. ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టూ అనటానికి వీల్లేదు. తర్వాత జిల్లా మేజిస్ట్రేటు రిజిస్టరు తయారుచేస్తాడు. అందులో పేరున్నవాళ్ళు వేలిముద్రలివ్వాలి, చెప్పిన వేళకు హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే తెలియజెయ్యాలి. నేరం చేశాడా లేదా అనే ప్రశ్నే లేదు. పుట్టాడు, అంతే చాలు.

పిల్లల సంగతి ఇంకా ఘోరం. 1897 సవరణలోనే నాలుగేళ్ళు నిండినవాళ్ళను తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచెయ్యటానికి వీలు కల్పించారు. 1924లో క్రోడీకరించిన చట్టంలో 17వ సెక్షన్ చదవండి. ఆరేళ్ళు దాటి పద్దెనిమిది నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తీసుకుపోయి పారిశ్రామిక, వ్యవసాయ లేదా సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం ప్రభుత్వానిది. ఆ బళ్ళకు 1897 నాటి రిఫార్మేటరీ స్కూళ్ళ చట్టంలోని కొన్ని సెక్షన్లు వర్తిస్తాయి. ఎలాగంటే, ఆ బడిలో ఉన్న పిల్లలు బాల నేరస్థులే అయినట్టుగా. ఏ కేసూ లేదు, ఏ విచారణా లేదు. బడిలో చేరటమే శిక్ష పడినట్టు లెక్క. రాజమండ్రి కుర్రాణ్ణి శిక్షిస్తే బడినుంచి తీసేశారు. ఈ పిల్లలకు బడే శిక్ష. విద్యార్థి హక్కుల చరిత్ర రాసేటప్పుడు ఈ తేడాను దాటేసి పోవటం ఎలా కుదురుతుంది?

1913లో అప్పటి గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరుమీద దానికి స్టూవర్టుపురం అని పేరు. అక్కడికి తెచ్చిన ఎరుకలవాళ్ళు అంతకుముందు ఏం చేసేవాళ్ళు? తీరంనుంచి లోపలి ఊళ్ళకు ఉప్పు, అక్కణ్ణుంచి ధాన్యం ఎద్దులమీదా గాడిదలమీదా మోసి అమ్ముకునేవాళ్ళు. రైలు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి ఆ వ్యాపారం చచ్చింది. అడవి చట్టాలొచ్చి వెదురూ ఈతాకూ పోయాయి. బతుకుదెరువు తీసేసిన చట్టాలు నేరం కాలేదు, బతుకుదెరువు పోయినవాడి పుట్టుక నేరమైంది. మీనా రాధాకృష్ణ 2001లో అచ్చయిన తన పుస్తకంలో ఈ కథంతా వివరంగా చెప్పింది. తర్వాత అక్కడి జనం చీరాల పొగాకు కంపెనీకి కూలీలు కూడా అయ్యారు. సంస్కరణకూ చవక కూలీకీ మధ్య దూరం ఎంతో పాఠకులే చూసుకోవచ్చు.

మాలో ఎక్కువమందిమి సంక్షేమ హాస్టళ్ళలో ఉండి చదువుకుని వచ్చినవాళ్ళం. హాజరు పిలుపు మాకూ అలవాటే. కానీ మా హాజరు ఎన్ని కంచాలకు అన్నం వండాలో తేల్చటానికి. పలక్కపోతే ఒకపూట కూడు పోతుంది. సెటిల్‌మెంటులో హాజరుకు పలక్కపోతే నేరం. ఇంకో సంగతి. మన ఊళ్ళల్లో చదువురానోణ్ణి వేలిముద్రగాడంటారు, తెలంగాణలో నిశానిగాడంటారు. పిల్లాడు నాలుగక్షరాలు నేర్చుకుంటే వేలిముద్ర పోయి సంతకం వస్తుందని మా అమ్మానాన్నల ఆశ. సెటిల్‌మెంటు బడి అక్షరాలు నేర్పింది, కాదనం. అక్కడ చదివి టీచర్లు, గుమస్తాలు అయినవాళ్ళున్నారు. అయినా వాడు పెద్దయి రిజిస్టరు కెక్కితే చట్టానికి వాడి సంతకం అక్కర్లేదు, వేలిముద్రే కావాలి.

వీళ్ళకోసం సర్క్యులర్ వ్యతిరేక సంఘం ఎవరూ పెట్టలేదు. రాజమండ్రి కుర్రాళ్ళ వెనక వకీళ్ళున్నారు, పత్రికలున్నాయి. గాడిచర్ల మరుసటేడు బెజవాడలో స్వరాజ్య పత్రిక పెట్టి జైలుకెళ్ళాడు, ఆయన త్యాగం చిన్నది కాదు. కానీ కాలేజీలోంచి పోతే పోవటానికి ఆయనకు మరో చోటుంది. స్టూవర్టుపురం పిల్లాడికి గేటు దాటటానికే పాసు కావాలి. అంబేద్కర్ 1948లో అస్పృశ్యుల మీద రాసిన పుస్తకం ముందుమాటలో అంటరానివాళ్ళతోనూ ఆదిమ తెగలతోనూ కలిపి ఈ నేరస్థ జాతుల్నీ లెక్కపెట్టి, సుమారు రెండు కోట్లని అంచనా చెప్పాడు. ఈ నాగరికత తయారుచేసిన మనుషులు వీళ్ళంతా అన్నది ఆయన వాదం. అందుకే ఇది మన పత్రికకు పరాయి విషయం కాదు.

చట్టం పోయింది. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న. రిజిస్టరు మాత్రం పోలేదు. మద్రాసు ప్రభుత్వం 1948లోనూ, ఆంధ్రప్రదేశ్ 1962లోనూ అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చాయి. జాతి అనే మాట పోయి మనిషి అనే మాట వచ్చింది. పోలీసు స్టేషన్లో హిస్టరీ షీటు తెరిచే చెయ్యి మాత్రం పాత అలవాటునే వెళ్ళింది. అదే 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టటం చెల్లదంది. చాటున నిఘా పెట్టటం చెల్లుతుందంది, గోప్యత ప్రాథమిక హక్కు కాదంది. ఆ మాట తప్పని తొమ్మిదిమంది జడ్జీలు తేల్చటానికి 2017 దాకా పట్టింది. అది పుట్టస్వామి కేసు. సినిమావాళ్ళకు అంత టైము కూడా పట్టలేదు లెండి: 1991లోనూ, మళ్ళీ 2023లోనూ ఆ ఊరి పేరును దొంగతనానికి మారుపేరుగా అమ్ముకున్నారు.

ఇప్పటి విద్యార్థి ఉద్యమాలకు ఇది పాత కథ అనిపించొచ్చు. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం చూడండి. అరెస్టయినవాడి వేలిముద్రలు, అరచేతి ముద్రలు, కనుపాప గుర్తులు తీసుకోవచ్చు, 75 ఏళ్ళు దాచవచ్చు. విడుదలైతేనో నిర్దోషి అని తేలితేనో తీసెయ్యాలని ఉంది, కానీ దానికి కేసు ఒక కొలిక్కి రావాలి గదా. ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం ధర్నాకు వెళ్ళి పోలీసు వ్యాను ఎక్కిన కుర్రాడు లాయరును పెట్టుకుని ఎన్నేళ్ళు తిరుగుతాడు? ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాడికీ, నాన్న వకీలైనవాడికీ ఈ చట్టం కాగితం మీద ఒకటే.

2024 మే 7న ఢిల్లీకి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది మనకు పనికొస్తుంది. ఆ హిస్టరీ షీటులో బడికెళ్ళే మైనరు పిల్లల వివరాలు కూడా ఎక్కించారు. మైనర్ల వివరాలు, వాళ్ళు ఆశ్రయమిచ్చారన్న సాక్ష్యం ఉంటే తప్ప, రాయకూడదని ఢిల్లీ పోలీసులు తమ ఉత్తర్వు మార్చుకోవాల్సొచ్చింది. అన్ని రాష్ట్రాలూ తమ పద్ధతుల్ని అలాగే సరిచూసుకోవాలనీ, వెనుకబడిన కులాలు, ఎస్సీ ఎస్టీల మీద పుట్టుకనుబట్టి యాంత్రికంగా షీట్లు తెరవటం ఆపాలనీ కోర్టు అంది. అదే ఏడాది అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో, అలవాటు నేరస్థులనే ముద్రను విముక్త జాతులమీదే వాడుతున్నారని మరో బెంచి ఎత్తిచూపింది.

మన రెండు రాష్ట్రాల స్టేషన్లలో ఏయే షీట్లలో ఎవరి పిల్లల పేర్లున్నాయో, వాళ్ళ బడి పేరు ఎందుకు రాసుకున్నారో సమాచార హక్కు కింద అడగొచ్చు. పేర్లు బయటపెట్టమని కాదు, ఎన్ని ఉన్నాయో, ఎన్ని కొట్టేశారో చెప్పమని. జిల్లాకొక విద్యార్థి సంఘం ఈ పని పట్టుకుంటే చాలు. బాపట్ల జిల్లానుంచి మొదలుపెట్టమని మా సలహా.