యూనిక్స్‌లో తెలుగు: ఒక నిలువు గీత కథ

మనవాళ్ళలో సాఫ్ట్‌వేరు పని చేసేవారికి కీబోర్డు మీది నిలువు గీత రోజూ చేతికి తగిలేదే. దాని కథ మాత్రం ఎక్కువమంది విని ఉండరు. 1964లో బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ ఒక చిన్న కాగితం రాశారు. తోటకి నీళ్ళు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్టు ప్రోగ్రాములను కూడా బిగించుకునే వీలుండాలన్నది ఆయన కోరిక. అది తీరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. 1969లో పుట్టిన యూనిక్స్‌లోకి 1973లో కెన్ థాంప్సన్ ఈ ‘పైపు’ను తెచ్చారు. ఇదంతా జరిగిన ముర్రే హిల్ న్యూజెర్సీలోనే ఉంది. ఎడిసన్‌లో ఉండే మనవాళ్ళకి ఎంతో దూరం కాదు!

పైపు సుఖం పూర్తిగా దక్కాలంటే అందులో పారేది మామూలు అక్షరాలై ఉండాలి. తెలుగుకి చిక్కు వచ్చింది అక్కడే.

తొంభైల మొదట్లో, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగుని ఇంగ్లీషు అక్షరాలతో రాసుకున్నాం. చూడ్డానికి అందం లేదు, నిజమే. కాని యూనిక్స్ పనిముట్లన్నీ దాని మీద అప్పటికప్పుడే పనిచేశాయి. గ్రెప్‌తో ఏ మాటైనా వెతుక్కోవచ్చు. ఇందులో చిన్న ‘ఎల్’ అంటే ల, పెద్ద ‘ఎల్’ అంటే ళ. అందుకని ‘కల’ కోసం వెతుకుతూ, చిన్నా పెద్దా తేడా చూడవద్దని చెప్పే హైఫన్-ఐ తగిలిస్తే కలలతో పాటు కళలు కూడా వచ్చి పడతాయి. సార్ట్ సంగతి ఇంకా తమాషా. దానికి మన వరస తెలియదు కదా, క కన్నా గ ముందు పెడుతుంది. ముందు టీఆర్‌తో అక్షరాలు మార్చి, సార్ట్ చేసి, తిరిగి టీఆర్‌తో వెనక్కి మారిస్తే చాలావరకు దారికొస్తుంది. రెండు నిలువు గీతల పని.

తరవాత అందమైన ఫాంటులు వచ్చాయి. ఒక్కో ఫాంటుది ఒక్కో పట్టిక. తెరమీద ‘క’లా కనిపించేది లోపల మరేదో గుర్తు. ఫాంటు పోతే రాత కూడా పోయినట్టే. మా ఊరి తెలుగు సంఘం పాత పత్రికల ఫైళ్ళు సర్దే పని నా మీద పడింది. ఆర్.టి.ఎస్.లో ఉన్నవన్నీ ఒక్క సాయంత్రంలో చదివేశాను. ఫాంటులలో ఉన్నవాటిలో కొన్ని ఇప్పటికీ గజిబిజి గుర్తులే. వాటిని రాసిన పెద్దల్లో కొందరు ఇప్పుడు లేరు, అడుగుదామన్నా.

1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకి చోటు దొరికింది. 1992లో థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో భోజనానికి వెళ్ళి, బల్ల మీద పరిచిన కాగితం మీద యూటీఎఫ్-8 రూపం గీసుకున్నారు. మళ్ళీ ఆ థాంప్సనే! దాంతో పాత పైపుల్లోనే తెలుగు లిపి పారడం మొదలైంది. లెక్కల్లో మాత్రం జాగ్రత్త. ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. ‘అమ్మ’ను డబ్ల్యూసీకి ఇచ్చి హైఫన్-సీ అంటే 12 అంటుంది, హైఫన్-ఎం అంటే 4 అంటుంది: అ, మ, పొల్లు, మ. మనం బళ్ళో నేర్చుకున్నవి రెండక్షరాలే. సరిచూసుకునేవారు ఎకో బదులు ప్రింట్ఎఫ్ వాడండి. ఎకో చివర ఇంకొక గుర్తు చేర్చి 13 చేస్తుంది.

ఇంట్లో పాత ఫ్లాపీలు, సీడీలు ఉన్నవారు ముందు ‘ఫైల్’ అనే కమాండు వేసి చూడండి. ఆస్కీ అంటే ఆర్.టి.ఎస్. కావచ్చు. యూటీఎఫ్-8 అంటే బెంగ లేదు. మరేదైనా అంటే ఏదో ఫాంటు పట్టిక అయి ఉండవచ్చు. అప్పుడు ఆ ఫాంటు ఫైలు ఎక్కడున్నా వెతికి, రాత పక్కనే దాచుకోండి.