త్రిభాషా చిత్రదర్శకుడు వై. వి. రావు: ఆయన జనప్రియ చిత్రములు

బెంగుళూరు నగరపు పాతపేటలలో బళేపేట యొకటి. 1537లో కెంపేగౌడ స్థాపించిన పట్టణమున ఒక్కొక్క సరకునకు, ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క పేట యేర్పడెను. కన్నడమున 'బళె' యనగా గాజు. గాజుల బేరమువలన ఈ పేటకు ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. తరువాతి కాలమున హార్మోనియము, తబలా, వీణ, మృదంగము మున్నగు వాద్యముల యంగళ్ళకు ఈ వీథి ప్రసిద్ధి కెక్కినది. బళేపేట నుండి ఒకవైపు కొద్దిదూరము నడచినచో సిటీ మార్కెట్టు, మరియొకవైపు నడచినచో మెజెస్టిక్ చేరవచ్చును. మెజెస్టిక్ అనునది మొదట ఒక చిత్రశాల పేరు. ఆ చిత్రశాల నేడు లేదు. దాని పేరు మాత్రము జనుల నోట నిలిచి, ఆ ప్రాంతమంతటికిని పేరై యున్నది.

సిటీ మార్కెట్టు దాపున పారమౌంటు అను మరియొక చిత్రశాల యుండెడిది. 1934 మార్చి 3వ తేదీన అందు 'సతీ సులోచన' విడుదలయ్యెను. కన్నడ భాషలో ప్రజల యెదుటికి వచ్చిన తొలి వాక్చిత్రమదియే. దానికి దర్శకత్వము వహించినవాడు తెలుగువాడు. నెల్లూరున జన్మించిన యరగుడిపాటి వరదరావు. చిత్రలోకమున ఆయన వై. వి. రావుగా ప్రసిద్ధుడు. మూడు సంవత్సరములకు ఆయనయే తమిళమున 'చింతామణి'ని, మరి రెండు సంవత్సరములకు తెలుగున 'మళ్ళీపెళ్ళి'ని నిర్మించి చూపెను. మూడు భాషలవారును తమ చిత్రచరిత్రలలో ఆయనకు చోటిచ్చిరి. అయినను ఏ యొక్క భాషవారును ఆయనను సంపూర్ణముగా తమవానిగా గుర్తుంచుకొనలేదు. కన్నడిగుడు సతీ సులోచనను, తమిళుడు చింతామణిని, ఆంధ్రుడు మళ్ళీపెళ్ళిని స్మరించును. ఆ మూడింటి వెనుకనున్న చేయి ఒక్కటే యని స్మరించువారు తక్కువ. ఆ మూడింటిని ఒకచోట నుంచి చూచుట ఈ వ్యాసమున కుద్దేశము.

పూర్వరంగము

దక్షిణదేశపు వాక్చిత్రముల పుట్టుకలో ఒక విచిత్రమైన యిచ్చిపుచ్చుకోలు కానవచ్చును. తొలి తమిళ వాక్చిత్రము 'కాళిదాసు' 1931 అక్టోబరు 31న, తొలి తెలుగు వాక్చిత్రము 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైనవి. రెండింటికిని దర్శకుడు హెచ్. ఎం. రెడ్డి. ఆయన పుట్టి పెరిగినది బెంగుళూరున. రెండేండ్లకు కన్నడ వాక్చిత్రమునకు నెల్లూరినుండి వచ్చిన వరదరావు నాందీ పలికెను. కన్నడసీమ తెలుగునకు ఒక దర్శకుని నిచ్చినది; తెలుగుసీమ కన్నడమునకు ఒక దర్శకునిచ్చి ఆ ఋణము తీర్చుకొన్నది.

1903లో జన్మించిన వరదరావు మొదట రంగస్థల నటుడు. మూగ చిత్రముల కాలమున నటుడుగా చిత్రలోకమున ప్రవేశించి, 'పాండవ నిర్వాణము' (1930), 'హరిమాయ' (1932) వంటి మూగ చిత్రములకు దర్శకత్వము వహించెను. భాషతో పనిలేక కథను బొమ్మలలో చెప్పగల నేర్పు ఆయనకిట్లు ముందుగనే అలవడెను. మాట వచ్చిన పిదప పెక్కురు భాషకు కట్టుబడగా, ఆయన మూడు భాషలలోను సమానముగా సంచరింపగలిగెను. దానికి ఈ శిక్షణము ముఖ్యకారణమని చెప్పవచ్చును.

సతీ సులోచన

ఈ చిత్రమును నిర్మించినది సౌత్ ఇండియా మూవీటోన్ సంస్థ. దాని యధిపతి చమన్‌లాల్ డూంగాజీ యను ఉత్తరదేశపు వర్తకుడు. కథను, మాటలను, పాటలను సమకూర్చినవారు బెళ్ళావె నరహరిశాస్త్రి. ఇంద్రజిత్తుగా ఎం. వి. సుబ్బయ్యనాయుడు, రావణుడుగా ఆర్. నాగేంద్రరావు, సులోచనగా త్రిపురాంబ, మండోదరిగా లక్ష్మీబాయి నటించిరి. వీరిలో ముఖ్యులు కన్నడ రంగస్థలమున ఆరితేరినవారు. బెంగుళూరున తగిన స్టూడియో లేనందున చిత్రము కొల్హాపురమందలి ఛత్రపతి స్టూడియోలో తీయబడెను. వర్తకుడు మార్వాడీ, దర్శకుడు ఆంధ్రుడు, నటులు కన్నడిగులు, స్టూడియో మరాఠా దేశమున నున్నది. చిత్రము మాత్రము అచ్చమైన కన్నడ చిత్రము.

సులోచన ఇంద్రజిత్తు భార్య, ఆదిశేషుని కూతురు. లక్ష్మణుడు ఆదిశేషుని యవతారము. అనగా అల్లుని చంపినవాడు మామగారే. ఈ చిత్రమున లక్ష్మణ పాత్రను దర్శకుడు తానే ధరించెను. రామకథను రామునివైపునుండి గాక ఓడిపోయినవారి యింటి యాడుబిడ్డ వైపునుండి చూచు ఈ కథ మన నాటకప్రియులకు క్రొత్త కాదు. శత్రువుల యింటి శోకమునకు కంట నీరు పెట్టుట మన పౌరాణిక నాటకములకు సహజగుణము. ఆ గుణమునే తెరమీదికి తెచ్చుటవలన కన్నడ ప్రేక్షకుడు తొలి చిత్రమునందే తనకు తెలిసిన లోకమును చూడగలిగెను.

'భక్త ధ్రువ' యను మరియొక కన్నడ చిత్రము అంతకుముందే ప్రారంభింపబడినను, ప్రజలకు చేరుటలో వెనుకబడెను. తొలి చిత్రమను గౌరవము సులోచనకు దక్కెను. అది బెంగుళూరున ఆరు వారములు నిండుసభలతో ఆడినట్లు చిత్రచరిత్రకారులు వ్రాసిరి. ఇప్పటికిని మార్చి 3వ తేదీని కన్నడ చిత్రలోకము తన పుట్టినరోజుగా స్మరించుచున్నది.

చింతామణి

ప్రజాదరణమును దినములతో కొలిచినచో వరదరావు చిత్రములలో అగ్రస్థానము 'చింతామణి'దే. మధురకు చెందిన రాయల్ టాకీ డిస్ట్రిబ్యూటర్సు నిర్మించిన ఈ తమిళ చిత్రము 1937లో విడుదలయ్యెను. ఒకే చిత్రశాలలో సంవత్సరకాలము ఆడిన తొలి తమిళ చిత్రమను ఖ్యాతి దీనిది. వచ్చిన లాభముతో నిర్మాతలు మధురలో ఒక చిత్రశాలనే కట్టించి దానికి చింతామణి యని పేరిడిరి. చిత్రశాలలో చిత్రము ఆడుట లోకసామాన్యము. చిత్రము చిత్రశాలను కట్టించుట యరుదు.

బిల్వమంగళుడను పండితుడు చింతామణి యను వేశ్య వలపున చిక్కి, తుదకు ఆమె మాటవలననే జ్ఞానోదయమంది కృష్ణభక్తుడగుట ఇందలి కథ. తెలుగువారికి ఈ కథ కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకమువలన కంఠస్థము. ఊరూర ఆ నాటకమును చూచి పెరిగిన తెలుగునాటినుండి వచ్చిన దర్శకునకు ఈ కథ యెచ్చట నవ్వించునో, ఎచ్చట కరగించునో తెలియకపోదు. బిల్వమంగళుడుగా ఎం. కె. త్యాగరాజ భాగవతార్ నటించి పాడిరి. పాటలు పాపనాశం శివన్ కూర్చినవి. చింతామణిగా నటించిన కె. అశ్వత్థమ్మ కన్నడనటి. చిత్రము తీసినది కలకత్తాలో. మరల అదే తీరు: తమిళ చిత్రమునకు ఆంధ్ర దర్శకుడు, కన్నడ నాయిక, వంగదేశపు స్టూడియో.

ఇచ్చట ఒక యాక్షేపణమును విచారింపవలసి యున్నది. ఆనాటి వాక్చిత్రములు నాటకములకు పట్టిన ఛాయాచిత్రములే యనియు, చింతామణి విజయము భాగవతార్ గానమునకు చెందునే గాని దర్శకునికి చెందదనియు కొందరందురు. గానము ప్రధానమనుట నిజమే. ఆ పాటలకొరకే మరల మరల వచ్చినవారు పెక్కురు. అయినను కేవలము గాయకుని పేరుతోనే చిత్రములు నడచు పక్షమున, ఆ గాయకుడు నటించిన ప్రతి చిత్రమును ఏడాది యాడవలసియుండెను. అట్లు జరుగలేదు. ఏ పాట నెచ్చట నిలుపవలెనో, ఏ నటునికి ఏ పాత్ర నొప్పగింపవలెనో నిర్ణయించుట దర్శకుని పని. ఈ యాక్షేపణమునకు మరింత గట్టి సమాధానము వరదరావు తెలుగు చిత్రములందు దొరకును.

మళ్ళీపెళ్ళి, విశ్వమోహిని

1939లో వచ్చిన 'మళ్ళీపెళ్ళి'లో దేవతలు లేరు, రాక్షసులు లేరు. పసితనమున పెండ్లియై పసితనముననే వితంతువైన లలిత యను బాలిక కథ యిది. లలితగా కాంచనమాల, ఆమెను వివాహమాడు యువకుడుగా దర్శకుడే నటించిరి. రచన బలిజేపల్లి లక్ష్మీకాంతముగారిది. వారు చిత్రమున నటించిరి గూడ. సంగీతము ఓగిరాల రామచంద్రరావుగారిది.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును 1881 డిసెంబరు 11న జరిపించిరి. దాదాపు అరువది యేండ్లు గడచినను ఆ ప్రశ్న యిండ్లలో తీరలేదు. ఉపన్యాసము విననివారును, పుస్తకము చదువలేనివారును సినిమాకు వచ్చెదరు. గూడవల్లి రామబ్రహ్మము 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) చిత్రములతో తెరవైచిన మార్గమున వరదరావు నడచి, సంస్కరణమును కుటుంబకథగా మలచెను. పురాణములతో పేరుగడించిన దర్శకుడు, చేతికందిన విజయమార్గమును విడిచి యింటింటి కన్నీటిని కథావస్తువుగా గ్రహించుట సాహసమే. నాటకమును ఫిల్ముమీది కెక్కించుట తప్ప మరొకటి తెలియనివాడు చేయదగిన పని కాదిది.

మరుసటి యేడు వచ్చిన 'విశ్వమోహిని' (1940) మరియొక ముందడుగు. చిత్తూరు నాగయ్యగారు నటించిన ఈ చిత్రము సినిమా ప్రపంచమునే కథగా గైకొన్నది. తెరవెనుకనుండు ఆశలను, మోసములను తెరమీదనే చూపుట మనదేశమున అప్పటికి క్రొత్త.

తరువాతి చిత్రములలో రెండింటిని పేర్కొనవలెను. 1941 నాటి తమిళ 'సావిత్రి'లో మరాఠీ నటి శాంతా ఆప్టే సావిత్రిగా, ఎం. ఎస్. సుబ్బులక్ష్మి నారదుడుగా, వరదరావు సత్యవంతుడుగా నటించిరి. 1946 నాటి తమిళ 'లవంగి'లో ఆయన జగన్నాథ పండితరాయలుగా, రుక్మిణి లవంగిగా నటించిరి. కోనసీమలోని ముంగండ గ్రామమునుండి ఢిల్లీ పాదుషా కొలువునకేగి, సంస్కృతమున సాటిలేని కవియైన పండితరాయల కథ, పరభాషలలో పేరుగాంచిన ఈ నెల్లూరివానిని ఆకర్షించుటలో వింత లేదు. వరదరావు, రుక్మిణి దంపతుల కుమార్తె లక్ష్మి తరువాత దక్షిణదేశపు నాలుగు భాషలలోను ప్రసిద్ధనటి యయ్యెను. వరదరావు 1961లో 'నాగార్జున' చిత్రముతో మరల కన్నడమునకు వచ్చి, 1973లో దివంగతుడయ్యెను.

మిగిలినదేమి?

ఈ చిత్రములలో ఏది మేలైనదని నిర్ణయించుటకు నేడొక గొప్ప యడ్డంకి కలదు. సతీ సులోచన ప్రతి యొక్కటియు మిగులలేదు. కొన్ని ఛాయాచిత్రములు, పత్రికలలోని ప్రస్తావనలు మాత్రము నిలిచినవి. ఏడాది యాడిన చింతామణి ప్రతియు ఎచ్చటను ఉన్నట్లు తెలియరాలేదు. ఆనాటి ఫిల్ము నైట్రేటుతో చేయబడినది. త్వరగా అంటుకొనును, వేడికిని తేమకును చెడిపోవును. చేసిన ప్రతులు కొలది. ఊరినుండి ఊరికి తిరిగి, తెగినచోట అతికించుచు, అరిగి పనికిరాకుండ పోవువరకు ఆడించుట వాడుక. జనులు మెచ్చిన చిత్రమే ఎక్కువ యాడెను. ఎక్కువ యాడిన ప్రతియే ఎక్కువ యరిగెను. పూణేలో జాతీయ ఫిల్ము భాండాగారము స్థాపింపబడుసరికి 1964వ సంవత్సరము వచ్చెను. దేశపు తొలి వాక్చిత్రమైన 'ఆలం ఆరా' సైతము దక్కలేదు.

కావున వరదరావు జనప్రియ చిత్రములను గూర్చి తీర్పు చెప్పుటకు నేటివారికి మిగిలిన సాక్ష్యము ఆనాటి ప్రజల యాదరణయే. ఆ సాక్ష్యము స్పష్టముగా ఒక మాట చెప్పుచున్నది. భాషలు వేరైనను ప్రేక్షకుడు వేరు కాడు. సులోచన శోకమునకు బెంగుళూరు, బిల్వమంగళుని పరివర్తనమునకు మధుర, లలిత పునర్వివాహమునకు ఆంధ్రదేశము ఒకే తీరుగ స్పందించినవి. అన్ని తావులను ఒకే దర్శకుడు ఆ స్పందనను ముందుగా గ్రహింపగలిగెను. పొరుగుభాషను పరభాషగా తలపని వాడగుటచేతనే ఆయనకది సాధ్యమయ్యెను.

తరతరములుగా కన్నడసీమయందు నివసించు తెలుగువారికి ఈ చరిత్ర ప్రత్యేకముగా పట్టింపదగినది. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము మాటాడు కుటుంబములు ఈ పేటలలో ఎన్నియో కలవు. వారి జీవితమున ప్రతిదినము జరుగునదే వరదరావు చిత్రములందు జరిగినది. ఆ కుటుంబముల పాత పెట్టెలలో, అటుకలమీద, చిత్రశాలల వాకిట అమ్మిన పాటల పుస్తకములు, కరపత్రములు, ఛాయాచిత్రములు ఇంకను ఉండవచ్చును. చెదలు తినకముందే వానిని వెదకి తీసి, గ్రంథాలయములకును భాండాగారములకును చేర్చుట తెలుగు సంఘములు పూనదగిన పని. చిత్రము నశించినను, దాని పాటల పుస్తక మొక్కటి దొరకినచో, ఆనాడు పారమౌంటులో కూర్చున్నవారు వినిన మాటలలో కొన్ని యైనను తిరిగి వినబడును.