నెల్లూరు తీరమున పరభాషాభ్యాసము

పరభాష నేర్వదలచిన విద్యార్థికి రెండు బడులు కలవు. ఒకటి నాలుగు గోడల నడుమ నుండునది. అందు వ్యాకరణము, నిఘంటువు, ఉపాధ్యాయుడు నుందురు. రెండవది ఆ భాష మాటలాడువారి వాకిలి. అందు గోడలు లేవు, సెలవు దినములు లేవు. పరీక్షాధికారులు మాత్రము అడుగడుగున నుందురు: పాలు పోయు ఆమె, పడవ నడుపు సరంగు, అంగడిలోని శెట్టి, ఇంటిలోని పసిబిడ్డ. నేడు కళాశాలలలో విదేశభాషలు చదువు యువజనులను కొంతకాలము ఆయా దేశములకు పంపి, అచటి కుటుంబముల నడుమ నుంచి, అచటి తిండికి, పండుగలకు, మర్యాదలకు అలవాటు చేయు ఏర్పాటులు విరివిగా జరుగుచున్నవి. ఇది క్రొత్త పద్ధతియని పలువురు తలంతురు. కాని మన నెల్లూరు తీరము ఈ రెండవ బడిని నాలుగు వందల ఏండ్లుగా ఎరుగును. ఆ బడిలో ఎవరు చదివిరి, ఎవరు చదువు చెప్పిరి, ఆ చదువు ఎవరికి ఉపకరించెను అను విషయములను ఇచట ఒకింత పరిశీలింతము.

పులికాటు సరస్సునకు ఉత్తరముగా, చిరకాలము నెల్లూరు మండలములో భాగమై యుండిన దుర్గరాజపట్నము అను చిన్న రేవు కలదు. 1626 ప్రాంతమున ఆంగ్లేయుల తూర్పు ఇండియా కంపెనీవారు ఇచట వర్తకస్థానము నెలకొల్పి, పిదప దానిని ఫిరంగులతో బలపరచుకొనిరి. వారి కాగితములలో దీని పేరు ఆర్మగాను. వారికి సాయపడిన ఆర్ముగ మొదలియారు పేరే ఇట్లు మారినదని చెప్పుదురు. తెలుగు రేవునకు తమిళుని పేరు, అదియు ఆంగ్లేయుల ఉచ్చారణతో నిలిచిపోవుట ఆ తీరపు భాషాసంకరమునకు మంచి తార్కాణము. వారికి పూర్వమే డచ్చివారు పులికాటున దిగి గెల్డ్రియా కోటను కట్టుకొని యుండిరి. డచ్చివారికంటె ముందు బుడతకీచులు వచ్చి యుండిరి. అందుచేత ఆ కాలమున తీరమందలి వర్తకులకు, ఐరోపావారికి నడుమ పోర్చుగీసు భాషయే చాలవరకు వాడుకలో నుండెను.

ఇట్టి చోట అద్దకపు బట్టలు బేరమాడవలెనన్నను, సాలెవారికి బయానా ఈయవలెనన్నను, నాయకుని కొలువునకు విన్నపము పంపవలెనన్నను రెండు భాషలు తెలిసిన మనిషి కావలెను. వాడే ద్విభాషి, జనుల నోట దుబాసి. ఈ దుబాసీలు ఏ పాఠశాలలోను చదివినవారు కారు. వారి కొరకు వ్రాసిన వ్యాకరణములు లేవు. ఓడరేవున నిలిచి, సరకులు దింపించుచు, లెక్కలు చెప్పుచు, తిట్లు తినుచు వారు పరభాషలు పట్టుకొనిరి. 1639లో ఆర్మగాను అధికారియైన ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు పోయి, దామెర్ల వెంకటాద్రి నాయకుని వలన చెన్నపట్నపు నేలను పొందెను. ఆ వ్యవహారములలో కంపెనీవారికి దుబాసిగా తోడ్పడినవాడు బేరి తిమ్మన్న యని ప్రసిద్ధి. మరుసటి సంవత్సరము ఆంగ్లేయులు ఆర్మగానును విడిచి క్రొత్త చోటికి తరలిపోయిరి. మదరాసు మహానగరమునకు పునాదిరాయి వేసినవారిలో దుబాసియు ఒకడని మనము మరువరాదు.

కాని ఈ పద్ధతిలో ఒక లోపము కలదు. దుబాసి నేర్చెను గనుక దొర నేర్వలేదు. రైతు చెప్పుకొన్న మొర దుబాసి నోటిమీదుగా పోవలసినదే. దొర ఇచ్చిన తీర్పు దుబాసి నోటిమీదుగా రావలసినదే. నడుమ ఎంత జారినదో, ఎంత చేరినదో చెప్పగలవారు లేరు. కంపెనీవారు వర్తకులుగా నున్నంతకాలము ఇది బేరములో వచ్చు నష్టము మాత్రమే. వారు ప్రభువులైన పిదప ఇది ప్రజల బ్రదుకునకు సంబంధించిన విషయమయ్యెను. శిస్తు, భూమి, శిక్ష, ఇవన్నియు అర్థముకాని భాషలో నిర్ణయింపబడుచుండెను. కావుననే 1812లో మదరాసున సెంటు జార్జి కోట కళాశాల ఏర్పడెను. సీమనుండి క్రొత్తగా వచ్చిన యువోద్యోగులు దేశభాషలు చదివి పరీక్షలలో నెగ్గవలెను. నెగ్గినవారికి జీతము పెరుగును.

ఈ కళాశాలకు ప్రాణము పోసినవాడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. తెలుగు పండితులలో ప్రముఖుడు పట్టాభిరామశాస్త్రి. 1816లో క్యాంబెల్ దొర అచ్చొత్తించిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ ఉపోద్ఘాతము వ్రాసి, తెలుగు, తమిళము, కన్నడము మొదలగునవి సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, అవి వేరొక కుటుంబమునకు చెందిన అక్కచెల్లెండ్రనియు నిరూపించెను. ఆ నిరూపణకు ఆధారములలో పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టిక ముఖ్యమైనది. క్యాంబెల్ తనకు తెలుగు నేర్పిన ఉదయగిరి వెంకటనారాయణను తన గ్రంథపీఠికలో కృతజ్ఞతతో స్మరించెను. ఆయన ఇంటిపేరు మన నెల్లూరు సీమలోని దుర్గమును స్ఫురింపజేయుచున్నది. లోకమునకు శిష్యుల పేర్లు తెలిసినంతగా ఈ గురువుల పేర్లు తెలియవు. విదేశీయులు మన భాషకు చేసిన సేవను గూర్చి చెప్పుకొనునప్పుడెల్లను వారికి ఓనమాలు దిద్దించిన చేతిని కూడ తలచుకొనుట న్యాయము.

అయినను కళాశాల మొదటి బడి మాత్రమే. చిన్నదొరలు మదరాసులో తమలో తాము కలసి బ్రదుకుచు, ఉదయమున మునిషీ వచ్చి పుస్తకము విప్పగా వల్లించి, సాయంకాలమునకు తమ భాషలోనికి తిరిగి పోవుచుండిరి. రెండవ బడి జిల్లాకు పోయినపిదప గాని ఆరంభము కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కథ దీనికి సాక్ష్యము. ఆయన 1817లో మదరాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు ఆరంభించెను. 1820 ఆగస్టులో కడపకు ఉద్యోగియై వచ్చెను. కచ్చేరిలో వాది, ప్రతివాది, కరణము, బంట్రోతు మాటలాడు తెలుగు ఆయన మదరాసులో చదివిన తెలుగు కాదు. అందు అరబ్బీ, పారసీ, హిందుస్తానీ పదములు కలసియుండెను; ఊరికొక తీరుగా పలుకు లుండెను. బ్రౌను దానిని తప్పని త్రోసివేయలేదు, చెవియొగ్గి వినెను. 1852లో వెలసిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును, కచ్చేరి మాటలకై ప్రత్యేకముగా కూర్చిన మిశ్రభాషా నిఘంటువును ఆ వినికిడి ఫలములు. పండితులు చిన్నచూపు చూచిన వేమన పద్యములను చేర్చి 1829లో అచ్చొత్తించినదియు ఆయనయే. కడపలో తన బంగళాయందే పండితులను పోషించి, వ్రాతప్రతులను పరిష్కరింపజేసెను. అచటనే నేడు ఆయన పేర గ్రంథాలయము నడచుచున్నది.

కడప సీమను తడిపిన పెన్నానది వెలిగొండలను చీల్చుకొని నెల్లూరు చేరి సముద్రములో గలియును. పందొమ్మిదవ శతాబ్ది నడిమి భాగమున ఆ పెన్న ఒడ్డుననే మరియొక తెగ విద్యార్థులు తెలుగు చదివిరి. వారు అమెరికానుండి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు. 1840లో సామ్యూల్ డే నెల్లూరున స్థిరపడెను. 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చెను. 1865లో జాన్ క్లౌ వచ్చి నెల్లూరున భాషాభ్యాసము చేసి, మరుసటి యేట ఒంగోలు చేరెను. ఒంగోలు తాలూకా ఆ దినములలో నెల్లూరు జిల్లాలోనిదే. ఇంచుమించు అదే కాలమున జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గు అను గ్రామమునుండి లూథరను మిషనరీలు సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతములకు వచ్చిరి. వారిలో పలువురు పల్లెటూళ్ల రైతుబిడ్డలు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున జర్మనులు ఈ దేశము విడువవలసి వచ్చినది. అటుపిమ్మట వారి పనిని అమెరికాలోని ఒహాయో లూథరనులు చేపట్టిరి.

వీరందరును మునిషీవద్దనే ఆరంభించిరి. మునిషీ నేర్పునది గ్రంథములలోని భాష. "వచ్చుచున్నాడు" అని ఆయన వ్రాయించును. శిష్యుడు వీధిలోనికి పోగానే "వస్తా ఉండాడు" అని నెల్లూరు రైతు పలుకును. రెండును తెలుగే, కాని ఒకటి తెలిసినవానికి రెండవది తెలియవలెనను నియమము లేదు. క్లౌ ఒంగోలు చేరినపిదప తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యయు, ఆయన వెంట మాదిగవాడల జనులును ఆయనకు రెండవ బడి ఉపాధ్యాయులైరి. 1876–78 నాటి దారుణ క్షామమున ప్రభుత్వము బకింగుహాము కాలువను త్రవ్వించుచుండగా, భూమికొలత పని యెరిగిన క్లౌ మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు దీసికొని, ఆకలిగొన్న వేలాది జనులకు పని కల్పించెను. తట్ట, పార, కూలి, గంజి, చావు అను మాటలు వ్యాకరణములో ఏ విభక్తికి చెందినవో అచట ఎవరును అడుగలేదు. ఆ కాలువగట్టు మీద తెలిసిన తెలుగు ఏ మునిషీయు నేర్పగలది కాదు.

ఇచట మేము చెప్పదలచిన ముఖ్యవిషయము కలదు. ఈ చదువులన్నిటను విద్యార్థి దేనికై వచ్చెనో, ఆ మేరకే భాషను చూచెను. వర్తకుడు బేరమునకు వచ్చెను; అధికారి పాలనకు వచ్చెను; మిషనరీ బోధకు వచ్చెను. వారు చెప్పవలసినది ముందే నిశ్చయమై యుండెను. దానిని చెప్పుటకే భాష కావలసి వచ్చెను. బ్రౌను వంటివారు చెప్పుటకు నేర్చి, వినుటకు అలవాటుపడిరి. కావున వారు మిగిలిరి. తక్కినవారు పరీక్షలో నెగ్గి, బహుమానమంది, పింఛనుతో సీమకు పోయిరి. పరదేశమున ఉండుటవలననే పరభాష రాదు. అచటివారి యెదుట శిష్యుడుగా కూర్చుండ నేర్చినపుడే వచ్చును.

స్వాతంత్ర్యానంతరము ఈ సంబంధము మారెను. 1961లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు తమ విద్యార్థులు భారతదేశమున ఒక సంవత్సరము గడపునట్లు ఏర్పాటు చేసిరి. తెలుగు నెంచుకొన్నవారు వేసవిలో అచటనే భాషకు పునాది వేసికొని, పిదప వాల్తేరు మొదలగు చోట్లకు వచ్చి, భాషాభ్యాసముతో పాటు తమకు నచ్చిన ఒక విషయమును స్వయముగా పరిశీలించి వ్యాసము వ్రాయుచుండిరి. ఆ పద్ధతి అనేక సంవత్సరములు సాగెను. ఈ విద్యార్థులకు మనపై అధికారము లేదు. మనకు బోధింపవలసిన మతము లేదు. వారు అతిథులు. అతిథికి తప్పు దిద్దుటకు మన పసిపిల్లలకు కూడ జంకు లేదు.

అట్టి యతిథి తెలుగింట నున్నపుడు మొదట తికమకపడునది చుట్టరికపు మాటలయందు. ఇంగ్లీషున ఒక్క 'అంకుల్' అను మాటతో గడచిపోవుచోట మన ఇంట చిన్నాయన, పెదనాయన, మేనమామ, మామ వేరు వేరు. ఎవరిని 'నువ్వు' అనవలెను, ఎవరిని 'మీరు' అనవలెను అనునది పుస్తకములో ఒక పంక్తి. ఇంటిలో అది నిత్యపరీక్ష. వంటయింటిలో ఉప్పందుకొనునపుడు, పొలమున నారుమడి ప్రక్క నిలిచినపుడు, మొలకొలుకుల బియ్యపు అన్నము వడ్డించుకొన్నపుడు మాటయు వస్తువును ఒక్కసారిగా చేతికందును. అట్లు వచ్చిన మాట మరపునకు రాదు.

ఇక మన బిడ్డల మాట. దుబాసుల కాలమున తెలుగువాడు పరభాషను రేవులోనే నేర్చెను. ఆ భాషవారి ఇంటి గడప త్రొక్కుట అతనికి దుర్లభము. నేడు ఆ తలుపు తెరచియున్నది. 1958లో ఆంగ్లభాషాకేంద్రముగా హైదరాబాదున నెలకొన్న సంస్థ నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమై ఫ్రెంచి, జర్మను, రష్యను, అరబ్బీ, జపాను మొదలగు భాషలను నేర్పుచున్నది. దూరదేశయానమునకు స్తోమతు లేని విద్యార్థికి సమీపమున కూడ అవకాశములు కలవు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన పుదుచ్చేరిలో ఆ భాష ఇంకను వీధిపేర్లలోను, కొన్ని ఇండ్లలోను వినబడును. చెన్నపట్నమున ఫ్రెంచి, జర్మను భాషా కేంద్రములు కలవు. అన్నిటికంటె విశేషము, పులికాటు సరస్సునకు అనతిదూరమున, తడ సమీపమున వెలసిన శ్రీసిటీ పారిశ్రామిక నగరము. అచట జపాను సంస్థలు కర్మాగారములు నడుపుచున్నవి; ఇసుజు వాహనముల కర్మాగారము 2016లో ఆరంభమైనది. నాడు ఆర్మగానున పోర్చుగీసు మాటలు విన్న తీరమే నేడు జపాను మాటలు వినుచున్నది. జపాను భాష చదువు మన విద్యార్థులకు అచటి కుటుంబములతో పరిచయము కల్పించి, వారికి మన తెలుగును, మనవారికి వారి భాషను ఇచ్చిపుచ్చుకొను సదుపాయము చేసినచో, అది కళాశాలలో మరియొక తరగతి పెట్టుటకంటె మేలు.

ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రము 2020లో మైసూరునుండి నెల్లూరు జిల్లాకు తరలివచ్చినది. తెలుగు నేర్వవచ్చు విదేశీయులకు మొదటి బడి అట్టి సంస్థలు కాగలవు. రెండవ బడి మాత్రము మన ఇండ్లలోనే యున్నది. శ్రీహరికోట పరిసరముల యానాదులు చేపలకు, చెట్లకు, వేళ్లకు పెట్టుకొన్న పేర్లు, పట్టపువారు అలలను గాలిని గురుతించు మాటలు ఏ తరగతిగదిలోను దొరకవు. మనమును వానిని వినుట లేదు. పరదేశి విద్యార్థి వచ్చి అడిగినపుడు మనకును అవి తెలియవని తేలుట సిగ్గుచేటు.

రేడియో గల ఇండ్లవారికి ఒక మాట విన్నవించి ముగింతము. పరభాషాధ్వనికి చెవిని అలవాటు చేయుటలో రేడియోను మించిన సాధనము తక్కువ. మీ ఇంట విదేశభాష చదువు బిడ్డ యున్నచో దినమున కొంతసేపు ఆ భాషాప్రసారములను విననిండు. ఆ భాష మాటలాడు అతిథి మీ యూరికి వచ్చినచో ఒక పూట భోజనమునకు పిలువుడు. మాటలాడించుడు, తప్పులు దిద్దుడు, మీ బిడ్డ తప్పులను దిద్దుమని కోరుడు. నాలుగు వందల ఏండ్లు ఈ తీరమున ఒకరు నేర్పిరి, ఒకరు లాభపడిరి. ఇకమీదట ఇరువురును నేర్చుకొని ఇరువురును లాభపడవలెను.