విశ్వాసము

బెజవాడ నుండి బందరు పోవు దారిలో, పామర్రు పరిసర గ్రామములందు ‘విశ్వాసులు’ అన్నచో క్రైస్తవ సంఘస్థులని వేరుగా చెప్పనక్కరలేదు. 1841లో మిషనరీలగు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్సులు మచిలీపట్టణమున దిగిన నాటి తరువాత ఈ డెల్టాలో వేళ్లూనిన మతము ఆ సంస్కృత పదమును అంతగా తనదిగా చేసికొన్నది. ప్రాణనార్థకమగు ‘శ్వస’ ధాతువునకు ‘వి’ యను ఉపసర్గ చేరగా నేర్పడిన మాట యిది; భయముడిగి నెమ్మదిగా ఊపిరి తీసికొనుట దీని మూలభావము. కన్నుల ప్రసక్తియే యిందు లేదు.

యేసు గాయములను కంట చూచి ముట్టిననే గాని ఆయన తిరిగి లేచెనని ఒప్పుకొననన్న శిష్యుడు తోమా వృత్తాంతమున, తెలుగు బైబిలు ‘విశ్వాసి’ని, ‘నమ్ము’ క్రియను రెంటిని వాడినది. సంస్కృతము బిరుదుగా నిలువగా పని మాత్రము ద్రావిడ ధాతువే చేసినదని నాకు తోచును. కాలువను నమ్ముకొని నారు పోసితిమను ఇచటి రైతు, బెజవాడ ఆనకట్ట వద్ద నీరు వదలుట కన్నులార చూచి పోయలేదు గదా!

అయితే మన విశ్వాసమునకు మరియొక ముఖము గలదు: ఉప్పు తిన్న యింటియెడ నిలుపుకొను కృతజ్ఞత. కుక్కకు విశ్వాసమున్నదందుము గాని, దాని మతమును విచారింపము. చిత్రమేమన, క్రొత్త నిబంధనలోని గ్రీకు పదము ‘పిస్తిస్’ సైతము నమ్ముటను, నమ్మదగియుండుటను రెంటిని తెలుపును. అందుచేతనే కాబోలు, అవిశ్వాసియైన తోమాకును, యేసును పట్టించి విశ్వాసఘాతకుడైన యూదాకును తెలుగున ఒక్క పదమే చాలినది.