అమెజాన్ల కథ: హోమర్ నుంచి అర్పా ఒడ్డు దాకా

పురుషుల ఏలుబడికి లోబడక, విల్లూ గొడ్డలీ చేపట్టి గుర్రాల మీద యుద్ధానికి దిగే స్త్రీల జాతిని ప్రాచీన గ్రీకులు అమెజాన్లు అన్నారు. హోమర్ ఇలియడ్ కావ్యంలో వారిని పురుషులకు సాటివారిగా పేర్కొంటే, క్రీస్తు పూర్వం 5వ శతాబ్దికి చెందిన చరిత్రకారుడు హెరోడోటస్ వారిని నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న మైదానాలకు తీసుకువెళ్లి, సిథియన్లనే సంచార జాతి యువకులతో వియ్యమందించాడు. ఆ మైదానాల్లో పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్విన సమాధుల్లో బాణాలతో, బల్లేలతో సహా పూడ్చిన స్త్రీల అస్థికలు బయటపడిన తరువాత, ఈ కథ వట్టి కల్పన కాదనీ, గ్రీకులు కళ్లారా చూసిన స్త్రీలే దానికి ఆధారమనీ చెప్పడానికి బలం చేకూరింది. అమెజాన్ అంటే రొమ్ము లేనిదని వ్యుత్పత్తి చెప్పి, విల్లు లాగడానికి అడ్డు రాకుండా వారు కుడిరొమ్మును తొలగించుకొనేవారని రాసినవారు ఉన్నారు గానీ, గ్రీకు శిల్పులూ చిత్రకారులూ వారిని అలా చూపలేదు కనుక అది మాటను విరిచి పుట్టించిన కథగానే పండితులు భావిస్తున్నారు.

అయితే గ్రీకు చిత్రకారుడు ఏ ఘట్టాన్ని ఎంచుకున్నాడన్నది వ్యుత్పత్తి కంటే ముఖ్యమైన విషయం. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక మట్టికూజా మీద, క్రీస్తు పూర్వం 530 ప్రాంతంలో ఎక్సెకియాస్ అనే కళాకారుడు వేసిన బొమ్మలో, అమెజాన్ల రాణి పెంథెసిలియా మోకాలి మీద కూలుతుంటే గ్రీకు వీరుడు అకిలీస్ ఆమె గొంతులో ఈటె దింపుతాడు. శిరస్త్రాణం కప్పిన ముఖంలో అతని కన్ను మాత్రమే కనిపిస్తుంది, తెల్లరంగు పూసిన ఆమె ముఖం పూర్తిగా బయటపడి ఉంటుంది. ఏథెన్సులోని పార్థెనాన్ ఆలయం మీద సైతం అమెజాన్లతో జరిగిన యుద్ధాన్నే చెక్కారు. అంటే వారి బొమ్మను శతాబ్దాల పాటు గీసినవాడు వారిని గెలిచినవాడే.

తెలుగువారికి ఈ ఊహ కొత్తది కాదు. నిద్ర లేచిన రాజును ముందుగా విల్లు పట్టిన స్త్రీల బృందాలు చుట్టుకోవాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం విధించగా, అశ్వమేధ యాగాన్ని వివరించే జైమిని భారతంలో ధర్మరాజు యాగాశ్వం ప్రమీల ఏలే స్త్రీరాజ్యంలోకి ప్రవేశించి బందీ అవుతుంది. 15వ శతాబ్దిలో పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమిని భారతాన్ని తెలుగు చేసి సాళువ నరసింహుడికి అంకితమిచ్చాడు. 1965లో ఎన్.టి. రామారావు, బి. సరోజాదేవి నటించిన ‘ప్రమీలార్జునీయం’ సినిమా ఆ కథను పల్లెపల్లెకూ చేర్చింది. పెంథెసిలియా కథ మరణంతో ముగిస్తే ప్రమీల కథ అర్జునుడితో పెళ్లిగా ముగుస్తుంది. రెండింటిలోనూ స్త్రీరాజ్యం బయటి నుంచి వచ్చిన వీరుడి దారిలో ఒక మజిలీయే తప్ప, ఆ రాజ్యం ఎలా పుట్టిందని అడిగినవారు లేరు.

ఆ ప్రశ్న అడగడానికి బొమ్మల కథల కాలం రావలసి వచ్చింది. మార్‌స్టన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, రక్తపోటు హెచ్చుతగ్గులతో అబద్ధాన్ని పసిగట్టే పరీక్షను రూపొందించినవాడు, హ్యారీ పీటర్ అనే చిత్రకారుడితో కలిసి 1941లో వండర్ వుమన్ పాత్రను సృష్టించి, ఆమెను అమెజాన్ల రాణి హిపోలిటా మట్టితో మలచుకున్న బిడ్డగా చెప్పాడు. 1987లో జార్జ్ పెరెజ్ ఆ కథను కొత్తగా మొదలుపెట్టి, పురుషుల చేతిలో హతులైన స్త్రీల ఆత్మలకు దేవతలు మళ్లీ దేహాలిచ్చి అమెజాన్లను పుట్టించారన్నాడు. 2021 నవంబరులో మొదలై 2022లో పూర్తయిన మూడు పుస్తకాల ‘వండర్ వుమన్ హిస్టోరియా: ది అమెజాన్స్’ ఈ దారిలోనే నడిచింది. రచన కెల్లీ స్యూ డికానిక్‌ది కాగా, వరసగా ఫిల్ హిమెనెజ్, జీన్ హా, నికోలా స్కాట్ ఒక్కొక్క పుస్తకానికి బొమ్మలు వేశారు. కామిక్ రంగంలో అత్యున్నతంగా భావించే ఐస్నర్ పురస్కారం 2022లో హిమెనెజ్‌కు ఈ బొమ్మలకే దక్కింది.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ లాంటి రైల్వే పట్టణంలో పెరిగిన తెలుగు పాఠకుడు ఈ పుస్తకాన్ని తనదైన కంటితో చూస్తాడు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద కూడలిగా మార్చింది. 1931లో రాయ్‌పూర్ - విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు రాకపోకలు మరింత సులువయ్యాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోనుకు ఇదే కేంద్రమైంది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఆఫీసు కాగితాల మీద ఇంగ్లీషు నడిచే క్వార్టర్లలో బొమ్మల పుస్తకం మూడు భాషలకూ ఉమ్మడి సొత్తు. 1947లో తెలుగు, తమిళాలలో మొదలైన చందమామ రెండేళ్లకే హిందీలోకీ వచ్చింది కనుక, వడ్డాది పాపయ్య ముఖచిత్రాల కోసం తెలుగు చదవడం రాని పిల్లలు కూడా చెయ్యి చాపేవారు. 1967లో అనంత్ పాయ్ ఆరంభించిన అమర్ చిత్రకథ వారికి వీరనారుల జీవితాలను బొమ్మల్లో చూపింది.

అలాంటి చూపుకు హిస్టోరియాలో మొదటి ఆకర్షణ బొమ్మలే. మామూలు కామిక్ కంటే పెద్దదైన పుటలో హిమెనెజ్ దేవతలను, నగలను, పక్షులను, నక్షత్రాలను ఖాళీ లేకుండా కూర్చిన తీరు కలంకారీ వస్త్రాన్ని తలపిస్తుంది. కన్ను ముందు ఎక్కడ ఆగాలన్న ప్రశ్న అభిమానుల మధ్య తెగదు. బొమ్మ కథను మింగేసిందని కొందరంటే, నెమ్మదిగా చదవమనడమే దాని ఉద్దేశమని మరికొందరంటారు. ముగ్గురు చిత్రకారుల చేతివాటం మూడు రకాలుగా ఉండడం కొందరికి లోపంగా కనిపిస్తుంది గానీ, దేవలోకపు ఆర్భాటం నుంచి మనుషుల ముఖాల మీదికీ, అక్కడి నుంచి యుద్ధభూమికీ కథ దిగివచ్చేటప్పుడు చెయ్యి మారడం దానికి మేలే చేసింది.

మొదటి పుస్తకంలో బొమ్మల వైభవం పక్కకు తప్పుకునే ఘట్టం ఒకటుంది. భూమ్మీద స్త్రీలకు జరుగుతున్న అన్యాయానికి న్యాయం అడిగి భంగపడిన ఆరుగురు దేవతలు రహస్యంగా ఆరు తెగల అమెజాన్లను సృష్టిస్తుంటే, వారి సంగతే తెలియని హిపోలిటా మంత్రసాని పనిలో ఉంటుంది. పుట్టింది ఆడపిల్ల అని తండ్రి వద్దనడంతో పసికందును ఏటి ఒడ్డున వదిలేసి రావలసింది ఆమే. వదిలి నాలుగడుగులు నడిచాక ఉండబట్టక వెనక్కి పరుగెత్తుతుంది, బిడ్డ అక్కడ ఉండదు. కుంతి నదిలో విడిచిన కర్ణుణ్ణి ఎరిగిన పాఠకుడికి ఏరూ పసిబిడ్డా తెలిసినవే, అయితే అక్కడ తల్లి భయపడింది లోకనిందకు, ఇక్కడ బిడ్డ చేసిన తప్పల్లా ఆడదై పుట్టడమే. స్త్రీరాజ్యం ఎలా పుట్టిందన్న ప్రశ్నకు ఈ పుస్తకం ఇచ్చే జవాబు ఆ ఏటి ఒడ్డునే మొదలవుతుంది. చివర హిపోలిటా మట్టిలో బిడ్డను మలచుకునేటప్పుడు పాఠకుడి మనసు మళ్లీ అక్కడికే పోతుంది.

బిలాస్‌పూర్‌కు ఏరు అర్పా. దాని ఒడ్డున చేపలు పట్టి, పడవలు నడిపి బతికే కేవట్ కులంలో పుట్టిన బిలాసా అనే స్త్రీ, వేటకు వచ్చి ఆపదలో పడ్డ రాజును కాపాడిందనీ, ఆయుధవిద్యలో ఆరితేరిందనీ జనశ్రుతి. ఆమె గాథను ఛత్తీస్‌గఢ్‌లో ఊరూరా తిరిగి పాడే దేవార్ గాయకులు తంత్రీవాద్యం వాయిస్తూ వినిపిస్తారు. ఏథెన్సు నగరంలోకి ప్రవేశించగానే అమెజాన్ ఆంటియోపీ సమాధి ఉందని ప్రాచీన గ్రీకు యాత్రా రచయిత పాసేనియస్ రాశాడు. ఇక్కడ స్థానికులు చూపించేది సమాధిని కాదు, స్టేషను బోర్డు మీద రాసిన ఊరి పేరునే బిలాసా పేరుగా చెబుతారు. 2021 మార్చి 1న ప్రయాణికుల విమానాలు మొదలైన ఇక్కడి విమానాశ్రయం సైతం బిలాసా దేవి కేవట్ పేరుతోనే ఉంది.