పెంపుడు కుక్కకు టీకా.. ఇంటిల్లిపాదికీ రక్ష

భట్టిప్రోలు: ఇంటికి కాపలా కాసే కుక్క ఆరోగ్యంపై అశ్రద్ధ వహిస్తే ముప్పు కుటుంబమంతటికీ వాటిల్లుతుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా, జంతువుకైనా మరణం దాదాపు తప్పదు. సకాలంలో టీకా వేయిస్తే ఈ వ్యాధిని నివారించవచ్చు.

లూయీ పాశ్చర్ 1885 జులై 6న ఒక బాలునికి తొలిసారిగా రేబిస్ టీకా ఇచ్చారు. అందుకు గుర్తుగా ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం పాటిస్తారు. ఆ సందర్భంగా రాష్ట్రంలోని పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. భట్టిప్రోలు మండల వాసులు ఈ అవకాశాన్ని సద్వినియోగం చేసుకోవచ్చు.

టీకాలు ఎప్పుడు?: కుక్కపిల్లకు 6 నుంచి 8 వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు ప్రారంభించాలి. 3 నెలలు నిండగానే రేబిస్ టీకా, నెల తరువాత బూస్టర్ మోతాదు వేయించాలి. ఆపై ఏటా మరువరాదు.

నిత్య సంరక్షణ: పశువైద్యుల సలహాపై క్రమం తప్పకుండా నట్టల నివారణ మందు తాగించాలి. చెవులు, కాలివేళ్ల సందుల్లో పిడుదులు లేకుండా చూడాలి. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్ పెట్టరాదు. మనుషులు వాడే పారాసిటమాల్ వంటి మాత్రలు సొంతంగా వేయరాదు. వేసవిలో నీడ, తాగునీరు అందుబాటులో ఉంచాలి.

కరిస్తే..: పెంపుడు కుక్కే కదా అని ఉపేక్షించరాదు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలపాటు కడగాలి. కారం, సున్నం, పసరు వంటివి పూయరాదు. ఆలస్యం చేయక ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, వైద్యులు సూచించిన తేదీల్లో టీకా మోతాదులన్నీ పూర్తిచేయాలి. రక్తం కారిన గాయాలకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరమవుతుంది.