సేవ వసూలుగా మారిన కథ



సంఘసేవ అనగానే మన పెద్దవాళ్లు దుర్గాబాయమ్మగారి పేరే చెబుతారు. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. ఆ రోజుల్లో ఊళ్లకు గ్రామసేవిక అని ఒకావిడ వచ్చేది. అరుగు మీద కూర్చుని పిల్లల ఆరోగ్యం సంగతీ, కుట్టుపని సంగతీ మాట్లాడేది. ఆవిడ వల్ల అద్భుతాలేం జరిగిపోలేదనుకోండి. అయినా ఆవిడ జీతానికీ, ఊళ్లో ఎంత డబ్బు వసూలైందన్న దానికీ ఏ సంబంధమూ ఉండేది కాదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

1982లో డ్వాక్రా పథకం వచ్చింది. కానీ మనవాళ్లకు అసలు ఊపు వచ్చింది నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1992 నాటికి ఆ ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. సారాకి పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామని అక్కడ పొదుపు సంఘాలు లేచాయి. సంఘానికి తీర్మానాల పుస్తకం ఒకటి ఉండేది. డబ్బు లెక్కలతో పాటు ఎవరింట్లో ఏం జరుగుతోందో, బడికి పంతులు వస్తున్నాడో లేదో, అదీ మాటకొచ్చేది.

సరిగ్గా అప్పుడే దేశంలో ఇంకో సిద్ధాంతం బలం పుంజుకుంటోంది. 1991 తర్వాత ఎక్కడ విన్నా అదే: సర్కారు రాయితీ మనిషిని సోమరిని చేస్తుంది, తన ఖర్చు తాను రాబట్టుకోలేని సేవ నాలుగు రోజులు నిలవదు, అంతా మార్కెట్టుకి వదిలేస్తే అదే సర్దుకుంటుంది అని. బంగ్లాదేశ్‌లో యూనస్ గారు 1976లో జోబ్రా అనే ఊళ్లో 42 మందికి మొత్తం 27 డాలర్లు అప్పిచ్చారు. ఆ పనే 1983లో గ్రామీణ బ్యాంకు అయింది. ప్రపంచ బ్యాంకు, మరికొందరు కలిసి 1995లో ఒక బృందంగా ఏర్పడి, ఇలాంటి సంస్థలు ఖర్చంతా వడ్డీలోంచే రాబట్టుకోవాలని బోధించడం మొదలుపెట్టారు. పేదరాలికి కావలసింది చవక అప్పు కాదు, వేళకి అందే అప్పు అన్నారు. ఇందులో నిజం లేకపోలేదు. నూటికి 5 రూపాయల వడ్డీకి, 10 రూపాయల వడ్డీకి తెచ్చుకునే మనిషికి రెండున్నర రూపాయలకే దొరికితే మేలే కదా?

అలా సేవాసంస్థలు ఒక్కొక్కటే కంపెనీలయ్యాయి. మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్.కె.ఎస్. 2005లో కంపెనీ అయి, 2010లో షేర్లు అమ్మకానికి పెట్టింది. 10 రూపాయల షేరు 985 రూపాయలు పలికింది. కొన్నవాళ్లకి లాభం చూపించాలి మరి. ఎక్కణ్ణుంచి తెస్తారు?

మా ఇంటికి పనికొచ్చే ఆమె అప్పటి అప్పు కార్డు ఒకటి నాకు చూపించింది. కంపెనీ పేరెందుకులెండి. 50 గళ్లు, అంతే. 10,000 అప్పుకి నూటికి 15 చొప్పున 1,500 వడ్డీ, వారానికి 230 కట్టాలి. వినడానికి బాగానే ఉంది. కానీ 25వ వారానికే అసలు సగం తీరిపోతుంది, వడ్డీ మాత్రం ఆఖరి గడి దాకా మొత్తం 10,000కీ పడుతూనే ఉంటుంది. సరిగ్గా లెక్కకడితే ఏడాదికి నూటికి 30 దాకా తేలుతుంది. 2004 నుంచి పొదుపు సంఘాలకు పావలా వడ్డీ, అంటే ఏడాదికి నూటికి 3, ఇప్పించిన రాష్ట్రంలోనే ఇదీ సంగతి!

నన్నడిగితే వడ్డీకన్నా పెద్ద మార్పు ఇంకొకటుంది. ఇప్పుడు ఊళ్లోకి వచ్చేది గ్రామసేవిక కాదు, మోటారు సైకిలు మీద లోన్ ఆఫీసరు. పాపం, అతనూ ఇరవై దాటిన పల్లెటూరి కుర్రాడే. పొద్దున్నే ఒక కేంద్రం తర్వాత ఇంకొకటి చుట్టాలి. ఎన్ని అప్పులిచ్చాడు, ఎంత తెచ్చాడు అన్న దాన్నిబట్టే అతనికి పైడబ్బులు. ఆడవాళ్లు అదే చాప మీద అలాగే గుండ్రంగా కూర్చుంటారు, చూడ్డానికి పాత సంఘంలానే ఉంటుంది. ఐదుగురూ ఒకరికొకరు జామీను. ఒకామె డబ్బు తేకపోతే, ఎందుకు తేలేదమ్మా అని అడిగే తీరిక అతనికి లేదు. మిగతా నలుగురినీ కదలనివ్వడు. వాళ్లు వెళ్లి ఆమె గడపలో కూర్చుంటారు. అప్పిచ్చినవాడు నాలుగు మాటలంటే పడొచ్చు. నిన్నటిదాకా కూర గిన్నె ఇచ్చిపుచ్చుకున్న పక్కింటి వదిన అంటే?

కృష్ణా జిల్లాలో ఆత్మహత్యల మీద ఫిర్యాదులు వస్తే 2006లో అధికారులు ఈ కంపెనీల శాఖలు 50 దాకా మూయించారు. మళ్లీ తెరుచుకున్నాయి. 2010లో రాష్ట్రమంతటా అవే వార్తలు. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది: వారం కిస్తీలు వద్దు, నెలకి కట్టించుకోవాలి, ఇళ్ల మీద పడకుండా పంచాయతీ ఆఫీసు దగ్గరే వసూలు చేసుకోవాలి, వడ్డీ అసలుని మించకూడదు. వసూళ్లు ఆగిపోయాయి. దాంతో కొత్త అప్పులూ ఆగిపోయాయి. పిల్లల ఫీజులకీ, ఆస్పత్రికీ కొందరు మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మమే ఎక్కారు. ఇదీ చెప్పుకోవాలి మరి.

2011లో రిజర్వు బ్యాంకు వడ్డీ నూటికి 26 దాటరాదంది. 2022లో ఆ పద్ధతులన్నీ మార్చి, వడ్డీ ఎంతన్నది కంపెనీలకే వదిలేసింది. కాకపోతే ఇంటి ఆదాయంలో సగానికి మించి కిస్తీలకు పోకూడదని షరతు పెట్టింది. ఆ ఇంటి ఆదాయం ఎంతో అడిగి కాగితం మీద రాసుకునేది మళ్లీ ఆ మోటారు సైకిలు అబ్బాయే.